ఎలీసమ్మ చేతిలో రిమోట్

రావిగుంటపాలెంలో ఎలీసమ్మ పేరు చెబితే ముందు తుమ్మొస్తుందని నవ్వులాటగా అంటారు. ఇరవై రెండేళ్లుగా మిరపకాయల మధ్య బతుకుతున్న మనిషి మరి. ఎన్ని నీళ్లు పోసుకున్నా ఒంటికి పట్టిన కోరు, ఆ మిరప ఘాటు, వదలదు. చర్చిలో ఆవిడ పక్కన కూర్చున్నవాళ్లు ప్రార్థన మధ్యలో తుమ్మినా పాస్టరు గారు ఏమీ అనుకోరు. వయసు యాభై ఎనిమిది. మనిషి పొట్టి, గొంతు మాత్రం పొట్టిది కాదు.

ఆవిడ పని తొడిమలు తీయించడం. గుంటూరు మిరపకాయ ఓడెక్కి పరాయి దేశం పోవాలంటే దానికి తొడిమ ఉండకూడదు. ఆ తొడిమ తీసేది ఆడవాళ్ల వేళ్లు. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, నరసరావుపేట రోడ్డు మీద అంకమ్మరావు గారి షెడ్డుంది. కోల్డ్ స్టోరేజీ నుంచి కాయ అక్కడికే వస్తుంది. అక్కడ పనిచేసే ముఠాలో ఎలీసమ్మతో కలిపి ముప్ఫై రెండు మంది. ముఠాకి ఎలీసమ్మే మేస్త్రీ.

ఈ ముఠాకి ఒక పద్ధతి ఉంది. దాన్ని పెట్టింది ఎలీసమ్మే. మొదట్లో పేట ఆడవాళ్లు, అంటే చర్చి వీధి వాళ్లు, షెడ్డుకి ఒక పక్క కూర్చునేవాళ్లు. ఊళ్లో ఆడవాళ్లు ఇంకో పక్క. రాశులు వేరు, నీళ్ల బిందెలు వేరు. కాటా దగ్గర రోజూ గొడవే. మంచి కాయ వాళ్లకి పోసి తాలుకాయ మాకు పోశారని వీళ్లూ, మా రాశిలో మట్టి కలిపారని వాళ్లూ. నెల రోజులు చూసింది ఎలీసమ్మ. ఒకనాడు పొద్దున్నే లేచి, రేపటి నుంచి ఒక రాశి ముందు ఇద్దరు కూర్చోవాలనీ, ఒకరు పేట నుంచి, ఒకరు ఊళ్లో నుంచి ఉండాలనీ, కాటా ఇద్దరికీ కలిపే అనీ, కూలి చెరిసగమనీ చెప్పేసింది. నచ్చనివాళ్లు ఇంటికి పోవచ్చంది. ఆరుగురు పోయారు. వారం తిరక్కుండా నలుగురు వెనక్కి వచ్చారు. ఎదురెదురుగా కూర్చుని రోజుకి పది గంటలు ఒకే రాశిలో చేతులు పెట్టేవాళ్లు ఎన్నాళ్లని మాట్లాడుకోకుండా ఉంటారు? ఏడాది గడిచేసరికి రెండు బిందెలు ఒక బిందె అయ్యాయి. దాని గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, సభ పెట్టలేదు. ఎలీసమ్మ జీవితంలో గొప్పగా చెప్పుకునే సంగతి ఇదొక్కటే. కానీ ఆవిడ అదీ చెప్పుకోదు.

పదహారు జతల్లో అందరికన్నా చురుకైన జత పున్నమ్మ, క్రిస్టీనాలది. పున్నమ్మది ఊరు, వయసు యాభై దాటింది. క్రిస్టీనాది పేట, ముప్ఫై నిండలేదు. ఇద్దరి మాటలకీ అంతు ఉండేది కాదు, చేతులు మాత్రం ఆగేవి కావు. క్రిస్టీనా కాన్పుకి ఆసుపత్రిలో మూడు రోజులు తోడున్నది పున్నమ్మే. క్రిస్టీనా ఆమెను పెద్దమ్మా అని పిలిచేది. మిగతా జతలు వాళ్లని చూసి వేగం పెంచుకునేవి.

అలాంటి షెడ్డులోకి మొన్నటి ఎన్నికలు వచ్చి పడ్డాయి.

పార్టీల పేర్లు నేను చెప్పను. చెబితే మీరు ఎలీసమ్మను వదిలేసి వాటి గురించే మాట్లాడుకుంటారు. మీ సంగతి నాకు తెలుసు. పున్నమ్మ కొడుకు చైతన్యకృష్ణ ఒక పార్టీకి పోలింగ్ ఏజెంటు. క్రిస్టీనా మొగుడు ఇమ్మానుయేలు రెండో పార్టీకి ఏజెంటు. కథకి ఇంతవరకు చాలు.

అంకమ్మరావు గారు పెద్దమనిషే. ఆయనకున్న జబ్బల్లా రాజకీయాల పిచ్చి. ఎన్నికలు ప్రకటించిన వారానికి షెడ్డులో కాటా ఎదురుగా గోడకి పెద్ద టీవీ బిగించాడు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా అందులో వార్తల చర్చలే. టై కట్టుకున్న నలుగురు అరుచుకుంటుంటే కింద ముప్ఫై రెండు మంది వింటూ తొడిమలు తీయాలి. మొదటి రెండు రోజులు నవ్వుకున్నారు. మూడో రోజు నుంచి టీవీలో అన్న మాటకి కింద జవాబులు మొదలయ్యాయి. పదో రోజున పున్నమ్మ టీవీని చూస్తూ ఎవరినో తిట్టింది. ఆ తిట్టు తనకే అనుకుంది క్రిస్టీనా. ఆమె ఒక మాటంది, ఈమె రెండంది. చివరికి ఎవరి చెయ్యి తగిలిందో, తట్టెడు కాయలు దొర్లి నేల పాలయ్యాయి. మర్నాడు పున్నమ్మ వచ్చి అవతలి వరసలో కూర్చుంది. ఆ వెనకే ఒక్కో జతా విడిపోయింది. వారంలో పేట వాళ్లు ఒక పక్క, ఊరి వాళ్లు ఇంకో పక్క, వీపులు తిప్పుకుని కూర్చున్నారు.

ఎలీసమ్మ నయానా భయానా అందరికీ చెప్పి చూసింది. ఇంట్లో మగాళ్లు ఊరుకోవడం లేదని ఒకరు, నాకేం పట్టిందని ఇంకొకరు తప్పించుకున్నారు. ఒకరోజు మధ్యాహ్నం అన్నానికి లేచి చేతులు కడుక్కోబోతుంటే షెడ్డు మూల రెండో బిందె కనపడింది. ఎవరు తెచ్చారో అడగలేదు. ఇరవై రెండేళ్ల కష్టం ఒక బిందె రూపంలో మూలన కూర్చుని తనని వెక్కిరిస్తున్నట్టు అనిపించిందావిడకి.

పని కూడా సగానికి పడిపోయింది. అంకమ్మరావు గారు ఆవిడను పక్కకి పిలిచి సంగతి చెప్పాడు. పెద్ద ఆర్డరు ఉందనీ, ఎన్నికల లెక్కింపు రోజు సాయంత్రానికి ఆఖరి కంటైనరు నిండి రేవుకి కదలకపోతే ఓడ తప్పిపోతుందనీ అన్నాడు. ఈ ముఠాతో అవదనిపిస్తే తొడిమలు కోసే మిషన్ తెప్పిస్తానన్నాడు. పక్క షెడ్డులో ఒకటి చూశాడట. ఎనిమిది మంది చాలట దానికి. ఆ మాటకి అర్థం ఎలీసమ్మకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మిషన్ వస్తే ముఠా ఉండదు. ఎలీసమ్మ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"ఆర్డరు నేను పూర్తి చేయిస్తానండి. ఆ టీవీ రిమోటు నా చేతికివ్వండి. లెక్కింపయ్యేదాకా ఈ షెడ్డులో వార్తలు రాకూడదు."

అంకమ్మరావు గారికి ప్రాణం పోయినంత పనైంది. అయినా ఓడ ముఖ్యం కనుక ఇచ్చేశాడు. ఆయన వార్తలు కారులో కూర్చుని ఫోనులో చూసుకోవడం ఆ రోజు నుంచే మొదలైంది.

సీరియళ్లంటే మన షెడ్డు ఆడవాళ్లకి ప్రాణం. మధ్యాహ్నం మూడింటికి 'పెద్దింటి తాళంచెవి' వస్తుంది. అత్తగారి నడుముకి వేలాడే బీరువా తాళంచెవి ఏ కోడలి చేతికొస్తుందన్నది కథ. నాలుగు వందల భాగాలయినా తాళంచెవి అత్తగారి నడుము దిగలేదు. పనుల వల్ల ఇన్నాళ్లూ ఆదివారాలు చూసిన ముక్కలతోనే సరిపెట్టుకున్నవాళ్లకి, ఇప్పుడు పని చేస్తూనే చూసే భాగ్యం పట్టింది. వీపులు తిప్పుకుని కూర్చున్న రెండు వరసలూ మొహాలు టీవీ వైపు తిప్పక తప్పలేదు. ఆ మాత్రానికే ఎలీసమ్మ సంతోషించింది.

నాలుగో రోజున పెద్దకోడలిని చంటిబిడ్డతో వానలో బయటికి గెంటేశారు. షెడ్డంతా ముక్కులు ఎగబీల్చింది. ఈ పనిలో ఉన్నవాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. చచ్చినా చేత్తో కన్ను తుడుచుకోరు. ఏడుపొస్తే భుజానికి రాసుకుంటారు, లేదంటే కారనిస్తారు. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న పున్నమ్మ ఆ క్షణంలో అది మరిచిపోయింది. రెండు చేతులా కళ్లు నులిమేసుకుని కెవ్వుమంది. చుట్టూ ఉన్నవాళ్లు లేచి కంగారు పడుతుండగానే, అవతలి వరసలోంచి క్రిస్టీనా రాశుల మీద నుంచి దూకి వచ్చింది. తన క్యారియర్లో మిగిలిన మజ్జిగ గిన్నె ఆమె చేతిలో ఉంది. పున్నమ్మ తల ఒళ్లో పెట్టుకుంది.

"నలపమాకు పెద్దమ్మా. కళ్లు తెరువు. నేనున్నాగా, తెరువు."

ఇరవై రోజుల తర్వాత వాళ్లిద్దరి మధ్య పడిన మొదటి మాట అది. మజ్జిగంతా పోసింది, నీళ్లతో కడిగింది, కొంగుతో ఊదింది. మంట తగ్గాక ఇద్దరికీ ఒకరి మొహం ఒకరు చూడటానికి సిగ్గేసింది. క్రిస్టీనా లేచి తన వరసలోకి వెళ్లిపోయింది. మూలన రెండో బిందె మాత్రం అలాగే ఉంది.

ఈలోగా మన మేస్త్రీ బుద్ధి గడ్డి తిన్నది. ఒకరోజు ఛానెళ్లు మారుస్తుంటే ఆవిడ కంట 'ఉరుములరాణి' పడింది. ఎక్కడి నుంచో తెచ్చి తెలుగులో మాటలు అతికించిన కథ. అందులో పిల్ల మామూలప్పుడు కుట్టుమిషన్ తొక్కుకుంటుంది. ఉరుము వినపడితే చాలు, ఒంట్లోకి శక్తి దిగుతుంది. కాలవలో పడ్డ బస్సుని ఒంటిచేత్తో ఎత్తి రోడ్డు మీద పెట్టడం చూసి ఎలీసమ్మ చేతిలో తొడిమ చేతిలోనే ఉండిపోయింది. ఆడదాని బలం గురించి ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కడుపుతో ఉండి కూడా నలభై కిలోల మిరపకాయ బస్తాలు, అవే టిక్కీలు, నెత్తికెత్తుకున్న మనిషి. కానీ బరువు మోసినందుకు జనం చప్పట్లు కొట్టడం మాత్రం ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఉరుములరాణికి కొడుతున్నారు. ఆవిడకి అది తెగ నచ్చేసింది. చిక్కల్లా ఏమిటంటే, అదీ మూడింటికే వస్తుంది.

మూడు రోజులు వరసగా మూడింటికి ఉరుములరాణే నడిచింది. మూడో రోజున ఒక వరసలోంచి పున్నమ్మ, ఇంకో వరసలోంచి క్రిస్టీనా ఒకేసారి లేచి నిలబడ్డారు. ఇద్దరి ఫిర్యాదూ ఒకటే. గెంటేసిన కోడలు ఏమైందో తెలియక తిన్నది ఒంటబట్టడం లేదని. రిమోటు చేతిలో ఉంది కదా అని మేస్త్రీ పెత్తనం చేస్తోందని. ఎగిరే పిల్ల కావాలనేవాళ్లూ లేకపోలేదు, వాళ్లు ఎలీసమ్మను వెనకేసుకొచ్చారు. ఎలీసమ్మ జత వెంకటేశ్వరమ్మ అందరికన్నా గట్టిగా అరిచింది. వింతేమిటంటే ఈ గొడవలో పేటా ఊరూ కలగాపులగమయ్యాయి. ఏ పార్టీ జెండా ఇంటి మీద ఉందో ఎవరికీ గుర్తులేదు.

ఎలీసమ్మ అది గమనించింది. గమనించి, ఓట్లు పెడదామంది.

పెట్టింది కూడా ఆషామాషీగా కాదు. టిక్కీలు నిలువెత్తు పేర్పించి, వాటి వెనక ఖాళీ తట్ట పెట్టించి, అదే పోలింగ్ బూతు అంది. సీరియలు కావాలనేవాళ్లు తట్టలో మిరపకాయ వెయ్యాలి. ఉరుములరాణి కావాలనేవాళ్లు తొడిమ వెయ్యాలి. వేసి వచ్చినవాళ్ల వేలికి, బస్తాల మీద గుర్తులు వేసే నీలం రంగు పూయించింది. ప్రచారానికి ఒక పూట గడువు. పని ఆగకూడదు, ఒకరినొకరు తిట్టకూడదు, ఇదే కోడ్ అని ప్రకటించింది. ఆ పూట పున్నమ్మ, క్రిస్టీనా రాశి రాశికీ కలిసి తిరిగి ప్రచారం చేశారు. పెద్దకోడలి కష్టాలు ఒకరు మొదలెడితే రెండోవాళ్లు అందుకున్నారు. కోపం మరిచిపోయిన సంగతి కూడా వాళ్లకి గుర్తు రాలేదు.

లెక్కపెడితే కాయలు పంతొమ్మిది, తొడిమలు పదమూడు. ఎలీసమ్మ ఓడిపోయింది.

ఇదంతా ముఠాని కలపడానికి ఆవిడ పన్నిన ఎత్తు అని తర్వాత కొందరు అన్నారు. సగం నిజం. ఓట్లు పెట్టింది అందుకే. ఓడిపోవాలని మాత్రం ఎంతమాత్రం లేదు. ఉరుములరాణి పోయినందుకు ఆ పూటంతా మూతి ముడుచుకునే ఉంది. గెలిచినవాళ్లు నవ్వీ నవ్వీ అలిసిపోయారు. టీవీ బాగా కనపడే రాశి ముందు పున్నమ్మా క్రిస్టీనా ఎదురెదురుగా చతికిలబడ్డారు. కాసేపటికి వాళ్ల చేతులు పాత వేగం అందుకున్నాయి. చూసినవాళ్లు ఒక్కొక్కరే లేచి తమ పాత జతల దగ్గరికి జరిగారు. సాయంత్రం పున్నమ్మ వచ్చి, బుధవారాలు ఉరుములరాణికి వదిలేస్తున్నాం మేస్త్రీ, మొహం అట్టా పెట్టమాకు, అంది. రెండో బిందెని మర్నాడు ఎవరో ఇంటికి పట్టుకుపోయారు. ఎవరో ఎలీసమ్మ అప్పుడూ అడగలేదు.

కథ ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ షెడ్డు వేరు, ఊరు వేరు. పోలింగ్ రోజున బూతు దగ్గర చైతన్యకృష్ణ, ఇమ్మానుయేలు కలబడ్డారు. వీడి తల పగిలింది, వాడి చెయ్యి విరిగింది. రెండు వైపులా కేసులు పెట్టారు. ఊరి మధ్య పోలీసులు డేరా వేశారు. లెక్కింపుకి ఇంకా మూడు వారాలుంది. ఆ మూడు వారాలూ పేట నుంచి ఊళ్లోకి గానీ, ఊళ్లోంచి పేటకి గానీ మనిషి తిరగలేదు. మగాళ్లు ఇళ్లల్లో ఆంక్షలు పెట్టారు. ఆడవాళ్లు వేరువేరుగా ఆటోలెక్కి షెడ్డుకొచ్చి, లోపల జతగా కూర్చుని, సాయంత్రం మళ్లీ వేరువేరుగా వెళ్లేవాళ్లు. షెడ్డు లోపల ఏం జరుగుతుందో బయట ఎవరికీ చెప్పలేదు. ముప్ఫై రెండు మంది ఒక రహస్యం దాచడమంటే మాటలు కాదు.

కోల్డ్ స్టోరేజీ నుంచి సరుకు ఆలస్యంగా వచ్చింది. లెక్కింపు రోజుకి ఇంకా అరవై టిక్కీల కాయ మిగిలిపోయింది. ముప్ఫై రెండు మందీ వస్తేనే సాయంత్రానికి అవుతుంది. సగం మంది వస్తే కాదు. ముందు రోజు ఆటో అల్లాబక్షు వచ్చి, రేపు బండి నిండా జనాన్ని ఎక్కిస్తే పోలీసులు బండి పట్టుకుంటామన్నారని, సాయంత్రం అయితే చూస్తానని చెప్పి పోయాడు. ఊళ్లో అయితే రేపు ఎవరూ గడప దాటకూడదని రెండు పార్టీల వాళ్లూ ఇంటింటికీ చెప్పారు. అంకమ్మరావు గారు ఫోన్ చేసి, రేపటి సంగతి నీ మీదే వదిలేస్తున్నానన్నాడు. ఎలీసమ్మకి భయమేసింది. ఎంత పెద్ద గొంతున్నా ఇళ్ల తలుపులు తీయించలేదు కదా.

లెక్కింపు రోజు తెల్లవారింది. పేట దారి, ఊరి దారి కలిసే మలుపు దగ్గర ఎలీసమ్మ నిలబడింది. ఆరు దాటింది. ఎవరూ లేరు. రోడ్డు పక్క పత్తి వెయ్యడానికి దున్నిపెట్టిన చేలు, ఎదురుగా పోలీసుల జీపు. ముందుగా ఊళ్లోంచి వెంకటేశ్వరమ్మ ఒక్కతే వచ్చింది. తర్వాత పేట వైపు నుంచి క్రిస్టీనా, ఆమె వెనక మిగతా పద్నాలుగు మంది. ఎలీసమ్మ లెక్కపెట్టుకుంది. ఊరి వైపు చూసింది. ఆ దారి ఖాళీగా ఉంది. పావుగంట గడిచింది. క్రిస్టీనా అటే చూస్తూ నిలబడింది.

అప్పుడు పున్నమ్మ కనపడింది. తలకి కట్టు కట్టుకున్న కొడుకు వెంటపడి ఏదో చెబుతున్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి వాడితో ఒక్క మాటంది. వాడు అక్కడే ఆగిపోయాడు. ఏమన్నావని తర్వాత అడిగితే, నీ గెలుపు నువ్వు చూసుకో, నా పని నన్ను చేసుకోనీ అన్నానని చెప్పింది. ఆమె వెనక ఊరి ఆడవాళ్లు తలుపులు తీసుకుని ఒక్కొక్కరే రోడ్డెక్కారు. మలుపు దగ్గరికి వచ్చేసరికి లెక్క సరిపోయింది. ఒక్కరు కూడా తగ్గలేదు. ఎలీసమ్మకి ఒళ్లు పులకరించింది.

జీపు దగ్గర ఎస్సై ఆపాడు. చెడ్డవాడు కాదు, కుర్రవాడు. నలుగురికి మించి గుంపు కూడకూడదని ఉత్తర్వులున్నాయని, తిరిగి ఇళ్లకి పొమ్మని చెప్పాడు. ఎలీసమ్మ ఆయన ముందుకి వెళ్లి నిలబడింది.

"మేము గుంపు కాదండి, జతలం. ఇద్దరిద్దరం వెళ్తాం. జతకీ జతకీ మధ్య మీరు ఎంత ఎడం చెబితే అంత ఎడం."

ఎస్సై ఆలోచించాడు. ఇద్దరిద్దరు నడవకూడదని ఏ ఉత్తర్వులోనూ లేదు. యాభై అడుగులు అన్నాడు. అలా పదహారు జతలు, ఒక పేట మనిషీ ఒక ఊరి మనిషీ పక్కపక్కన, మిద్దెల మీద నుంచి, అరుగుల మీద నుంచి రెండు పార్టీల మగాళ్లూ చూస్తుండగా, ఊరి ముందు నుంచి నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్లాయి. ఇన్నాళ్లూ షెడ్డు లోపల దాచుకున్నది పట్టపగలు రోడ్డెక్కింది. అడ్డం వచ్చినవాడు లేడు. ముందు జత పున్నమ్మ, క్రిస్టీనా. ఆఖరి జత ఎలీసమ్మ, వెంకటేశ్వరమ్మ.

షెడ్డులోకి రాగానే ఎలీసమ్మ తట్ట పట్టుకుని ఫోన్లన్నీ అందులో వేయించింది. కంటైనరు తలుపు పడేదాకా ఎవరు గెలుస్తున్నారో ఈ షెడ్డుకి తెలియడానికి వీల్లేదంది. బయట అంకమ్మరావు గారు ఒకసారి కారు దిగి నిలబడటం, ఒకసారి సీట్లో కూలబడటం కిటికీలోంచి కనపడుతూనే ఉంది. దాన్నిబట్టి అర్థం చేసుకోబోతే ఎలీసమ్మ కిటికీ కూడా మూయించింది. చేతులు ఆగలేదు. మూడు కొట్టింది. ఆ రోజు బుధవారం కాదు. అయినా పున్నమ్మ లేచి, ఇవాళ మేస్త్రీకి ఇష్టమైనది పెట్టండే, అంది. కోడలి సంగతి రేపు చూడొచ్చంది. అందరూ సరేనన్నారు. ఎలీసమ్మ ఉరుములరాణిని చూస్తూ తొడిమలు తీసింది. ఆ అరగంటలో తన జీవితం తనకి చాలా బాగున్నట్టు అనిపించిందావిడకి.

అయిదున్నరకి ఆఖరి టిక్కీ ఎక్కింది. కంటైనరు తలుపులు మూసి సీలు వేశారు. లారీ రోడ్డెక్కి కనుమరుగయ్యాక ఎలీసమ్మ లోపలికొచ్చి వార్తలు పెట్టింది. క్రిస్టీనా వాళ్ల పార్టీ గెలిచింది. పున్నమ్మ వాళ్లది ఓడింది. ఎవరూ అరవలేదు. క్రిస్టీనా చేతులు కడుక్కొచ్చి పున్నమ్మ పక్కన కూర్చుంది. అంకమ్మరావు గారు లోపలికి వచ్చాడు. ఆయన పార్టీ గెలిచిందో ఓడిందో ఆయన మొహం చూస్తే తెలియడం లేదు. మిషన్ వాడికి వద్దని ఫోన్ చేసేశానన్నాడు. వచ్చే నెల ఆర్డరు ఇంకా పెద్దదన్నాడు. పదహారు జతలకి ఇంకో నాలుగు జతలు దొరుకుతాయా అని అడిగాడు.

ఎలీసమ్మ దొరుకుతాయంది.

అల్లాబక్షు మాట నిలబెట్టుకుని ట్రాలీ ఆటోతో వచ్చాడు. అందరూ ఒకే బండి ఎక్కారు. ఊరి మలుపు దగ్గరికి వచ్చేసరికి, పొద్దున్నటి ఉత్తర్వులను లెక్కచెయ్యకుండా, గెలిచినవాళ్ల ఊరేగింపు ఎదురైంది. టపాకాయలు, రంగులు, డప్పులు. విరిగిన చెయ్యి మెడకి కట్టుకుని ముందు ఇమ్మానుయేలు ఉన్నాడు. బండిలో ఊరి ఆడవాళ్లు కొంగులు తల మీదికి లాక్కుని బిగుసుకుపోయారు. పున్నమ్మ తల వంచుకుంది. ఇమ్మానుయేలు బండికి అడ్డం నిలబడి పెళ్లాన్ని పిలిచాడు.

"దిగవే క్రిస్టీనా. మనం గెలిచాం."

డప్పు ఆగింది. క్రిస్టీనా ఒక చెయ్యి పున్నమ్మ భుజం చుట్టూ వేసే ఉంచింది. కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"మేము పొద్దున్నే గెలిచాం. ముందు పెద్దమ్మను ఇంటి దగ్గర దింపాలి, అడ్డం తప్పుకో."

ఇమ్మానుయేలు తప్పుకున్నాడు. వెనక ఉన్నవాళ్లు కూడా రోడ్డు పక్కకి జరిగారు. అల్లాబక్షు గేరు మార్చి, ఊరేగింపు మధ్య నుంచి, ముప్ఫై రెండు మందినీ ఎక్కించుకున్న బండిని నెమ్మదిగా ఊళ్లోకి పోనిచ్చాడు.